కంట్లో మట్టితో అవుటిచ్చిన రోజు

ఇరవై అయిదేళ్లకే రిటైరయ్యానని చెబితే కంపెనీ బస్సులో నా పక్కన కూర్చునే అమ్మాయి నమ్మదు. "దేని నుంచి?" అంటుంది. "బేస్‌బాల్ అంపైరింగ్ నుంచి" అంటే ఇంకా నమ్మదు. ఆమె తప్పేమీ లేదు. ఆదిభట్ల గేటు దగ్గర బస్సు ఒక్క నిమిషం ఆపమని డ్రైవర్‌ను అడగాలన్నా నేను ఆమె చేతే అడిగిస్తాను. క్యాంటీన్‌లో ఇంకొంచెం సాంబారు కావాలని అడగలేక ఉత్త అన్నం తిని లేచిన రోజులున్నాయి. అలాంటి మనిషి మైదానం నిండా జనం చూస్తుండగా "స్ట్రైక్!" అని గొంతు చించుకునేదంటే ఎవరు నమ్ముతారు?

కానీ నిలబడ్డాను, అరిచాను. ఇబ్రహీంపట్నంలో, చుట్టుపక్కల మండలాల్లో, ఐదు సీజన్లు. ఈమధ్య మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు అంపైరింగ్ నేర్చుకుంటున్నారని విన్నాను. వాళ్లు నన్నేమీ అడగలేదు. అడిగినా నేను ఎదురుగా కూర్చుని చెప్పగలిగేదాన్ని కాదు. అందుకే పాత డైరీలు ముందేసుకుని ఒక్క రోజు సంగతి రాసి పెడుతున్నాను. అది గొప్పలు చెప్పుకునే రోజు కాదు. అయినా డైరీలో ఆ రోజుకే ఏడు పేజీలు ఉన్నాయి.

ముందు నేను ఇందులోకి ఎలా వచ్చానో రెండు ముక్కలు. డిగ్రీ రెండో ఏడు. సాయంత్రాలు కాలేజీ మైదానం అంచున కూర్చుని నవలలు చదువుకునేదాన్ని, ఇంట్లో టీవీ గోల పడలేక. అక్కడ అమ్మాయిలకు బేస్‌బాల్ నేర్పే ఒక రిటైర్డ్ పీఈటీ ఉండేవారు. అందరూ ఆయన్ను పెద్దసార్ అనేవాళ్లు. ఒకరోజు ఆయన నా ముందు నిలబడి, "పుస్తకం చదివే పిల్లవు, స్కోరుబుక్కు రాస్తవా?" అన్నారు. కాదని చెప్పడానికి నోరు రాక సరేనన్నాను. ఏడాది స్కోరు రాశాక ఒక మ్యాచ్‌కు ప్లేట్ అంపైర్ రాలేదు. పెద్దసార్ ఏమీ అడక్కుండా మాస్క్ తెచ్చి నా తలకు తొడిగారు.

ఇనుప కమ్మీల మాస్క్ అది. దాని వెనక నా మొహం ఎవరికీ కనబడదు. నాకు మాత్రం అందరూ కనబడతారు. పుట్టి బుద్ధెరిగాక నాకు అంత హాయి ఎప్పుడూ కలగలేదు. మొదటి స్ట్రైక్‌కు నా గొంతు మూడో బేస్ దాకా వినబడిందని మా అమ్మకు ఎవరో చెబితే, "మా పిల్లనా? పిలిస్తే పలకదు గదా!" అందట.

ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట. నేలమీద తెల్లటి రబ్బరు పలక ఒకటి ఉంటుంది. అదే హోమ్ ప్లేట్. బ్యాటర్ దాని పక్కన, బంతి పట్టే క్యాచర్ దాని వెనక, క్యాచర్ వీపుకు ఆనుకున్నట్టుగా అంపైర్. బేసులన్నీ చుట్టి పరుగెత్తుకొచ్చే అమ్మాయి ఈ పలకను తాకితే ఒక పరుగు. తాకేలోపల క్యాచర్ బంతితో ఆమెను తాకితే అవుట్. ఏది ముందు జరిగిందో చెప్పడమే అంపైర్ పని. అంటే కళ్లే మా పనిముట్లు.

ఆ పనిముట్లకు మా నేల పగ. మా మైదానంలో గడ్డి పేరుకు కూడా లేదు, అంతా ఎర్రమట్టి, మొరం. మాస్క్ బంతిని ఆపుతుంది గానీ దుమ్ముకు అది తలుపులు బార్లా తీసిన ఇల్లు. బ్యాటర్ కాలు రాస్తే దుమ్ము. క్యాచర్ కూర్చుంటే దుమ్ము. రన్నర్ జారుకుంటూ వస్తే చెప్పనక్కర్లేదు. గీతలు గీసిన ముగ్గుపిండి కూడా దాంతోపాటు లేస్తుంది. పెద్దసార్ ప్రతి మ్యాచ్‌కు ముందు ఆ పిండిని చిటికెడు అరచేతిలో వేసుకుని, నీటిచుక్క కలిపి నలిపి చూసేవారు. గరగరలాడితే ముగ్గు, జారుతూ చురచురలాడితే సున్నం. సున్నమైతే గీతలన్నీ చెరిపించి మళ్లీ గీయించేవారు. "ముగ్గు కంట్ల వడితే ఏడుస్తవ్. సున్నం వడితే ఏడ్సుటానికి కన్నుండది," అనేవారు.

ప్లేటు మీది మట్టిని ఊడ్చేది కూడా అంపైరే. చిన్న బ్రష్ జేబులో ఉంటుంది. దానికొక మర్యాద ఉంది. చూడవచ్చిన జనం వైపు పిరుదులు పెట్టి వంగకూడదు. ప్లేటు ముందుకు వచ్చి, మైదానానికి వీపు చూపి, జనం వైపు తిరిగి వంగి ఊడ్చాలి. బాగానే ఉంది. కానీ గాలి ఆ మర్యాద నేర్చుకోలేదు. సాయంత్రమయ్యేసరికి మా దగ్గర జనం వైపు నుంచే వీస్తుంది. నేను వంగి మర్యాదగా ఊడ్చిన మట్టంతా తిన్నగా నా కళ్లలోకే వచ్చేది.

మొదటి సీజన్‌లో వారానికి రెండుసార్లు ఎర్రటి కళ్లతో ఇంటికి చేరేదాన్ని. అమ్మ చీర కొంగును ముద్దగా చుట్టి, నోటితో ఊది వెచ్చచేసి, కంటిమీద అద్దేది. "ఆడేటోళ్లు వాళ్లు. ఉత్తగ నిలవడేదానివి, నీకెందుకే గింత మట్టి?" అనేది. నలుసు పోయేది కాదుగానీ నిద్ర మాత్రం పట్టేది.

రెండో సీజన్ మధ్యలో ఒకరోజు నేను కన్ను నలుపుకుంటుంటే పెద్దసార్ చేయి పట్టి ఆపారు. స్కోరు బల్ల పక్కన కూర్చోబెట్టి, తన ఎడమ కంటిని వేళ్లతో విప్పి చూపించారు. నల్లగుడ్డు మీద ఈనెపుల్లంత తెల్లటి గీత.

"నేను గిట్లనే నలిచిన," అన్నారు. "ఇసుక రవ్వ లోపల్నే ఉండె. రుద్దితే గీసుకపోయింది. ఇప్పుడు గీ కంటితోని సూస్తే లైటు సుట్టూ గుండ్రంగ రంగులు కనవడ్తయ్. దసరా లైట్లు ఫ్రీగ."

"అందుకేనా సార్, మీరు అంపైరింగ్ మానేసింది?"

"మానేసిన అని ఎవలకు చెప్పలే. మోకాళ్ల నొప్పి అని చెప్పిన. నువ్వు గూడ చెప్పకు." లేస్తూ, "మన్నెగూడ పోయి అద్దాలు కొనుక్కో" అన్నారు.

ఆట సామాన్ల దుకాణాల్లో అలాంటివి దొరకలేదు. చివరికి మన్నెగూడ చౌరస్తా దగ్గర హార్డ్‌వేర్ దుకాణంలో దొరికాయి. టైల్స్ కోసే మేస్త్రీలు పెట్టుకునే పారదర్శక గాగుల్స్, వెనక ఎలాస్టిక్ పట్టీతో. దుకాణదారు అడిగాడు, "టైల్సా, గ్రానైటా?"

నేను నేల చూస్తూ, "అంపైరింగ్" అన్నాను.

"గదేం రాయమ్మా?"

ఆ మాట డైరీలో రాసుకుని చాలా రోజులు నవ్వుకున్నాను. మాస్క్ లోపలి మెత్తల్లో ఒకదాన్ని పలుచన చేస్తే గాగుల్స్ సరిగ్గా కూర్చున్నాయి. ఊపిరికి ఆవిరి పట్టేది. షాంపూ చుక్క రాసి పొడిగుడ్డతో తుడిస్తే ఆ బాధా పోయింది. మిగిలిన బాధ ఒక్కటే, జనం. మాస్క్ తీసినప్పుడల్లా నేను మేస్త్రీలా కనబడేదాన్ని. "అక్కా, మా వంటింట్ల గచ్చు ఎప్పుడు ఏస్తవ్?" అని అడిగిన ఆటగత్తెలు ఉన్నారు. మొహం దాచుకోవడానికి మాస్క్ పెట్టుకున్నదాన్ని, దాని కింద ఇంకొకటి పెట్టుకుని అందరి కంట్లో పడ్డాను. అయినా రెండున్నర సీజన్లు ఓర్చుకున్నాను. నా కళ్లకు ఏమీ కాలేదు.

ఇక ఆ రోజు.

అది నా ఐదో సీజన్. ఆదిభట్లలో విమాన భాగాలు తయారుచేసే కంపెనీ నుంచి ఉద్యోగపు కాగితం అప్పటికే వచ్చింది. నెలలో చేరాలి. చేరితే వారానికి ఆరు రోజులు పని, టోర్నమెంట్లకు సెలవులుండవు. ఈలోపల, మూడు వారాల్లో, స్టేట్ మీట్ ఉంది. దానికి అంపైర్‌గా వెళ్లాలంటే రాష్ట్ర ప్యానెల్‌లో పేరు ఉండాలి. పేరు ఉండాలంటే జిల్లా ఫైనల్‌లో ప్లేటు వెనక నిలబడి పరీక్ష పాసవ్వాలి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నిజమైన స్టేడియంలో గడ్డి మీద నిలబడి అంపైరింగ్ చేయాలని నా కోరిక. అవకాశం ఆ ఒక్క రోజే. ఫెయిలైతే నా కథ ఇబ్రహీంపట్నం మొరంలోనే ముగుస్తుంది.

పరీక్షించడానికి ఒక మేడమ్ వచ్చారు. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి హయత్‌నగర్ కాలనీలో స్థిరపడ్డ మనిషి, ఒకప్పుడు తానూ అంపైరే. గొడుగు, మడత కుర్చీ, అట్టకు క్లిప్పుతో పట్టిన ఫారం. నమస్కారం పెడితే, "మీరు మీ పని చేసుకోండమ్మా. ఆట అయ్యేదాకా నేను మీతో మాట్లాడకూడదండీ, మీరూ నాతో మాట్లాడకూడదు" అన్నారు. నాకు అంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది?

ఫైనల్ మా ఊరి అమ్మాయిలకూ హయత్‌నగర్ అమ్మాయిలకూ మధ్య. బేసుల దగ్గర రెండో అంపైర్‌గా మన్నెగూడలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే అన్న ఉన్నాడు. స్కోరు బల్ల దగ్గర పెద్దసార్. మా ఊరి జట్టు కోచ్ అందరికీ తెలిసిన మనిషి, నోటికి తాళం లేనివాడు. జనం వైపు తిరిగి సగం ఆట ఆయనే ఆడతాడు. నన్ను చిన్నప్పట్నుంచి ఎరుగును.

రెండో ఇన్నింగ్స్‌లో ఒక బంతి ప్లేటుకు పక్కగా పోయిందని నేను "బాల్" అన్నాను. బంతి విసిరే మా పిచ్చర్ వేసింది స్ట్రైక్, ప్లేటు మీదుగానే పోయింది అని ఆయన నమ్మకం. గీత దాటకుండా నిలబడి, జనానికి వినబడేలా అందుకున్నాడు.

"ఏంది చెల్లే, ఫైనల్ నడుస్తున్నదా, టైల్స్ ఏస్తున్నవా? గా డబ్బా అద్దాలల్ల బంతి కనవడ్తున్నదా నీకు?"

మైదానం అంతా నవ్వింది. నేను ప్లేటు ఊడ్చే నెపంతో మాస్క్ తీశాను. గాగుల్స్ కూడా తీశాను. వెనక జేబులో పెట్టుకున్నాను. మళ్లీ మాస్క్ పెట్టుకున్నాను. అంతా కలిపి ఐదు క్షణాలు పట్టిందేమో. స్కోరు బల్ల మీద పెన్సిల్ కొట్టిన చప్పుడు వినబడింది. పెద్దసార్. నేను అటు చూడలేదు.

తీసినందుకు నాకు అప్పటికప్పుడు హాయిగా ఉందని ఒప్పుకోవాలి. ఎవరూ నవ్వలేదు. కోచ్ అన్న వేలెత్తి, "గట్లుండాలె!" అని కూడా అన్నాడు. మూడు, నాలుగు, ఐదు ఇన్నింగ్స్ బాగానే గడిచాయి. గాలి లేదు. రెండుసార్లు మట్టి కళ్లలోకి వచ్చింది, రెప్పలార్పితే పోయింది. నేను బాగా చేస్తున్నానని నాకే అనిపించింది. మేడమ్ పెన్ను అప్పుడప్పుడు కదులుతోంది. స్టేడియం గడ్డి ఎలా ఉంటుందో ఊహించుకున్నాను కూడా.

ఆరో ఇన్నింగ్స్‌లో గాలి లేచింది.

ఏడోది చివరి ఇన్నింగ్స్. పరుగులు సమానం. చివరి బ్యాటింగ్ హయత్‌నగర్‌ది, వాళ్ల అమ్మాయి ఒకతె రెండో బేస్ మీద ఉంది. పొడుగ్గా, చేతులూపుతూ నడిచే అమ్మాయి, పొద్దుట్నుంచి ఆమె షూ లేసు నాలుగుసార్లు ఊడింది. ఆమె హోమ్ ప్లేటు తాకితే ఆట అక్కడితో అయిపోతుంది, కప్పు వాళ్లది. అవుటైతే ఇంకో ఇన్నింగ్స్.

బ్యాటర్ కొట్టింది. బంతి ఎడమవైపు దూరంగా పడింది. పొడుగు అమ్మాయి మూడో బేస్‌ను తొక్కి ఆగకుండా ఇటే వస్తోంది. మా ఫీల్డర్ విసిరిన బంతీ ఇటే వస్తోంది. నేను మాస్క్ తీయలేదు, పక్కకు రెండడుగులు వేసి, మోకాళ్లు వంచి, ప్లేటు కనబడే చోటికి వచ్చాను. మాస్క్ తీయకపోవడం తప్ప అంతవరకు అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశాను.

అమ్మాయి జారింది. క్యాచర్ మోకాలు నేలకు కొట్టింది. అదే సమయానికి గాలి. గడపలో పోసిన పొయ్యి బూడిద మొహాన ఎగిరినట్టు ఒక ఎర్రటి గుప్పెడు మాస్క్ కమ్మీల గుండా లోపలికి వచ్చింది. క్యాచర్ గ్లోవ్ కిందికి దిగుతుండగా చూశాను. ఆ తర్వాత చూసిందేమీ లేదు. అంతా మంట.

బంతి గ్లోవ్‌లో పడ్డ చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ముందే వినబడింది కదా అనుకున్నానో, మా ఊరి జనం "అవుట్!" అని అప్పటికే అరుస్తున్నారనో, నా పిడికిలి దానంతట అదే లేచింది.

"అవుట్!"

చెవులతో ఇచ్చిన అవుట్ అది. జనం ఎగిరి గంతేశారు. కోచ్ అన్న ఈల వేశాడు. నేను కళ్లు మూసుకుని ఆ మాస్క్ వెనక నిలబడ్డాను. ఎవరికీ తెలియదు. మాస్క్ ఉన్నది అందుకే కదా.

కింద నుంచి ఒక గొంతు. పొడుగు అమ్మాయి ఇంకా మట్టిలోనే ఉంది, లేవలేదు.

"అక్కా. నువ్వు చూసినవా?"

కోపంగా అడిగి ఉంటే బాగుండేది. నిర్ణయాన్ని ప్రశ్నించే ఆటగాళ్లను హెచ్చరించే హక్కు అంపైర్‌కు ఉంది, ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. కానీ ఆమె నిజంగా తెలుసుకోవాలని అడిగింది. దారిలో ఎవరినైనా "మా చెప్పు చూసినవా?" అని అడిగినట్టు.

చూశానని ఒక్క మాట అంటే చాలు. మేడమ్‌కు కనబడింది గట్టి గొంతు, సూటిగా లేచిన పిడికిలి. అంపైర్ తడబడకూడదని ప్రతి పుస్తకంలో రాసి ఉంటుంది. చూడలేదంటే ప్యానెల్ లేదు, స్టేడియం లేదు. పైగా మా ఊరి జనం, మా ఊరి కప్పు. ఇంత ఆలోచన నిజంగా ఆ నాలుగు క్షణాల్లో చేశానో, డైరీ రాసేటప్పుడు చేశానో చెప్పలేను. మోకాళ్లు వణికాయని మాత్రం గట్టిగా చెప్పగలను.

మాస్క్ తీశాను. రెండు కళ్ల నుంచీ నీళ్లు కారుతున్నాయి.

"చూడలే," అన్నాను. వినబడలేదనిపించి ఇంకోసారి, "చూడలేదు. టైం!" అని చేతులెత్తి ఆట ఆపాను.

చూడలేనప్పుడు రెండో అంపైర్‌ను అడగవచ్చు. అది రూలే, సిగ్గుపడాల్సిందేమీ కాదు. మన్నెగూడ అన్న పరుగెత్తుకొచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నేను మంచిగ చూసిన చెల్లే. సేఫ్. బంతి భుజానికి తగిలేలోపట్నే కాలు ప్లేటు మీదున్నది." ఆగి, "కానీ నువ్వు మార్చకు. గా గొడుగు మేడమ్ చూస్తున్నది. మారిస్తే నీ పని ఖతమే. నన్ను అడగలేదనుకో, నేను చెప్పలేదనుకుంట" అన్నాడు.

మంచి మనిషి. ఈరోజుకీ నా ఫోన్ అద్దం పగిలితే ఆయన దగ్గరికే వెళ్తాను.

"పక్కానా అన్నా?"

"పక్కా. కానీ జర ఆలోచించు."

ఆలోచిస్తే మాస్క్ మళ్లీ పెట్టుకోబుద్ధి అవుతుందని తెలుసు. అందుకే ఆలోచించలేదు. ప్లేటు దగ్గరికి వచ్చి రెండు చేతులూ బార్లా చాపాను. "సేఫ్!"

ఇబ్రహీంపట్నం అంతా నా మీదికి వచ్చినట్టనిపించింది. హయత్‌నగర్ పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఎగురుతున్నారు. కోచ్ అన్న గీత దాటి నా ముందుకు వచ్చేశాడు.

"ఏం తమాషనా గిది? ఒకపారి అవుట్, ఒకపారి సేఫ్! మనూరి పిల్లవై ఉండి మనకే గట్ల చేస్తవా? కండ్లు లేవా నీకు?"

"ఉన్నయ్ అన్నా," అన్నాను. "ఉన్నయ్. గా రెండిట్ల మట్టున్నది."

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. నా జన్మలో పెద్దవాళ్లకు ఎదురుచెప్పింది అదే మొదలు. కోచ్ అన్న ఇంకేదో అనబోయి నా మొహం చూశాడు. కన్నీళ్లు, ఎర్రమట్టి కలిసి చెంపల మీద రెండు కాల్వలు. క్యాచర్, మా వీధి పిల్లే, మెల్లగా చేయెత్తి, "అన్నా, నిజంగ సేఫే. నేను జర లేటయిన" అంది. ఆయన ఆమెను చూసి, నన్ను చూసి, టోపీ తీసి నేలకు కొట్టి వెళ్లిపోయాడు. ఆ టోపీ కొట్టిన దుమ్ము కూడా నాకే వచ్చింది.

మేడమ్ నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్లారు. అలవాటుగా నా చేయి కంటి మీదికి పోయింది.

"రుద్దకండి! రుద్దకండమ్మా, చచ్చినా రుద్దకూడదు. తల పక్కకు వంచండి. కన్ను తెరిచి ఉంచండి, నేను పోస్తాను."

మూడు సీసాల నీళ్లు పోశారు, తొందరపడకుండా, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు. పెద్దసార్ పక్కన నిలబడి సీసాలు నింపి ఇస్తున్నారు. చివరి సీసా అందించి ఒక్కటే అన్నారు.

"నీకు నా కన్నే చూపిచ్చిన. ఇంగ ఏం చూపియ్యాలె?"

మరునాడు దవాఖానలో డాక్టర్ చిన్న గీత పడిందన్నారు. నాలుగు రోజులు చుక్కలు వేసుకుంటే మానింది. నాకు లైట్ల చుట్టూ రంగులు కనబడవు. అది నా తెలివి కాదు, నా అదృష్టం.

మొహం తుడుచుకున్నాక మేడమ్ ఫారం నా చేతికి ఇచ్చారు. "చదువుకోండి. సంతకం చేయాలి."

కింద పెద్ద అక్షరాల్లో ఉంది. అర్హత పొందలేదు.

తెలిసిన విషయమే అయినా రెండుసార్లు చదివాను. "నిర్ణయం మార్చినందుకా మేడమ్?"

"అబ్బే, దానికెందుకు ఫెయిల్ చేస్తానండీ? చూడనప్పుడు అడిగారు, అడిగి సరిదిద్దారు. అది తప్పెలా అవుతుంది?" ఆమె వేలు ఫారం పైభాగానికి పోయింది. "ఇక్కడ చూడండి."

కారణం అన్న గడిలో నీట్‌గా రాసి ఉంది: రక్షణ అద్దాలు ఆట మధ్యలో తీసివేసింది. దాని పక్కన ఇన్నింగ్స్ అంకె. రెండు.

"అప్పుడే..." అన్నాను.

"అప్పుడేనండీ. ఆడే పిల్లల భద్రత మీ చేతుల్లో ఉంటుంది. ఎవరో ఏదో అన్నారని మీ కళ్లనే మీరు వదిలేస్తే వాళ్లనేం చూస్తారు? ఇది నా ఇష్టం కూడా కాదు. రూలు. పెట్టుకున్న రక్షణ సామాను ఏదైనా సరే, ఆట మధ్యలో తీసిన వెంటనే ఫెయిలే."

"మరి ఏడో ఇన్నింగ్స్?"

ఆమె నవ్వారు. "దానికి ఇందులో గడి లేదమ్మా. ఉంటే రాసేదాన్ని."

సంతకం చేశాను. మేడమ్ గొడుగు మడిచి వెళ్లిపోయారు. నేను కుళాయి గట్టు మీద కూర్చుండిపోయాను. ఏడవాలనిపించిందిగానీ కళ్లలో నీళ్లు అప్పటికే అయిపోయాయి. అంతలో ఆ పొడుగు అమ్మాయి మొహం కడుక్కోవడానికి వచ్చింది. ఒళ్లంతా మట్టి, మెడలో మెడల్.

"అక్కా, నీకు గిది పరీక్ష అంట గదా. మా కోచ్ మేడమ్ చెప్పింది. పాసయినవా?"

"లే."

ఆమె మొహం వాడిపోయింది. "నేను అడగకుంటే అయితుంటివి. నావల్లనే గదా?"

"నీవల్ల గాదు. నేను రెండో ఇన్నింగ్స్‌లనే ఫెయిలైన. గాగుల్స్ తీసినప్పుడే. ఫారంల రాసే ఉన్నది."

ఆమె కుళాయి కట్టేసి లెక్క చూసుకుంది. రెండు నుంచి ఏడు దాకా.

"అంటే... నేను అడిగినప్పుడు నీకు పోయేది ఏం లేకుండె?"

"ఏం లేకుండె."

"మరి అక్కా, నీ కాళ్లు గంత గజగజ వణికినయ్ గదా! నేను కిందికెల్లి చూసిన!"

నాకు నవ్వాగలేదు. ఎర్ర కళ్లతో, మట్టి పళ్లతో, కుళాయి గట్టు మీద పడి పడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకు తెలుసో లేదో.

"అప్పుడు నాకు తెల్వదు గదనే," అన్నాను.